మూడో అంతస్తులో శత్రువులు

ఆ రోజు పొద్దున్న లాండ్రీ అక్క పెట్టుకున్న పని ఒక్కటే. ఎవరి సాయమూ లేకుండా తన రిపోర్టు తానే ఇంగ్లీషులో రాసి హోటల్ గ్రూపులో పెట్టడం.

హోటల్లో చిన్నాపెద్దా అందరూ ఆమెను లాండ్రీ అక్క అనే పిలుస్తారు. నేలమాళిగలో ఉన్న లాండ్రీకి ఆమే పెద్ద. దుప్పటి మీద మరక కాఫీదో, సిరాదో, లిప్‌స్టిక్కుదో గుమ్మంలోంచే చెప్పేస్తుంది. కొత్తగా వచ్చిన మేనేజరు మాత్రం ఆ చెప్పేదేదో ఇంగ్లీషులో రాసి చెప్పాలన్నాడు. రాయలేనివాళ్ళ మీద రాయగలిగినవాళ్ళను తెచ్చి కూర్చోబెడతానని మీటింగులో నవ్వుతూనే అన్నాడు. అప్పటినుంచి అక్క చెప్పడం, రిసెప్షన్‌లో అమ్మాయి టైపు చెయ్యడం. టైపు చేసినప్పుడల్లా ఆ పిల్ల ఓ నిట్టూర్పు విడిచేది. అది వింటే అక్కకు ఒళ్ళు మండేది.

బ్యాంకులో పనిచేసే కూతురు తల్లి కోసం ఫోనులో ఒక కోర్సు పెట్టించింది. ఇది బల్ల, అది కుర్చీ, ఇది ఆపిల్ అంటూ సాగే కోర్సు. తనకు బల్లతో మాట్లాడే పనేమీ లేదని అక్క దాన్ని మూలన పడేసింది. ఆ తర్వాత ఎప్పుడో వేలు తగిలి ఇంగ్లీషులో ఓ చరిత్ర వీడియో మొదలైంది. పాడుబడ్డ కోట ముందు ఓ గడ్డం ఆయన నిలబడి, రాజు తల తెగిపడుతున్నా సరే తొందరపడకుండా, ఒక్కో మాటా విడదీసి చెబుతున్నాడు. కింద అక్షరాలు కూడా పడుతున్నాయి. అక్క పొయ్యి కట్టేసి మరీ చూసింది. ఇక ఆ రోజునుంచి కూరలు తరిగినా, బట్టలు మడతపెట్టినా పక్కన ఆయన ఉండాల్సిందే. అర్థం కాని మాట వస్తే వెనక్కి తిప్పి వినేది, కూతుర్ని అడిగేది.

"ముట్టడులూ తిరుగుబాట్లూ నేర్చుకుని ఏం చేస్తావమ్మా? హోటల్లో యుద్ధాలు జరుగుతాయా?" అని కూతురు ఓసారి విసుక్కుంది.

"నువ్వెప్పుడైనా మా హోటల్లో పనిచేశావా?" అంది అక్క.

ఆ పొద్దున్న ఆమె లాండ్రీలో అడుగు పెట్టేసరికి, కొన్నాళ్ళుగా ఊగుతున్న పెద్ద వాషింగ్ మెషీను కాలు విరిగి గోడకు ఒరిగిపోయి ఉంది. పైపు ఊడి నేలంతా చీలమండల లోతు నీళ్ళు. ఆ నీళ్ళు చూసి ఇస్త్రీ చేసే అతను చెప్పులు చేత్తో పట్టుకుని, ఒంట్లో బాగాలేదంటూ జారుకున్నాడు. ఇది చాలదన్నట్టు మూడో అంతస్తులో దిగిన హాకీ జట్టు నిన్న బురదలో ఆడివచ్చి అదనంగా ఉన్న టవళ్ళన్నీ ఖరాబు చేసింది. ఇంకా కావాలని పొద్దుటినుంచి ఒకటే ఫోన్లు. అక్క బల్ల ఎక్కి కూర్చుని నింపాదిగా టైపు చేసింది.

గ్రేట్ మెషీన్ హాజ్ ఫాలెన్. ఫ్లడ్ ఇన్ ద లోయర్ కింగ్‌డమ్. మై మ్యాన్ హాజ్ డిజర్టెడ్. ఎనిమీ ఈజ్ ఆన్ థర్డ్ ఫ్లోర్. వుయ్ ఆర్ అండర్ సీజ్. సెండ్ హెల్ప్.

అంటే, పెద్ద మెషీను కూలింది, కిందంతా వరద, నా మనిషి నన్ను వదిలి పారిపోయాడు, శత్రువు మూడో అంతస్తులో ఉన్నాడు, మమ్మల్ని ముట్టడించారు, సాయం పంపండి అని. అక్క మరోసారి చదువుకుంది. వంక పెట్టడానికేమీ కనబడలేదు. గ్రూపులో పెట్టేసి, తడవకుండా ఫోనును అల్మారాలో దాచి, బకెట్టు అందుకుంది.

మేనేజరు అప్పుడు ఊరి అవతల ఏదో సమావేశంలో ఉన్నాడు. సందేశంలో వరద దాకా చదివి అతను పెద్దగా పట్టించుకోలేదు. శత్రువు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచిపోయాడు. అక్కకు ఫోన్ చేస్తే అది అల్మారాలో మోగి మోగి ఊరుకుంది. రిసెప్షన్‌కు చేసి, మూడో అంతస్తులో అలికిడి ఎలా ఉందో చూడమన్నాడు. ఆ అమ్మాయి మెట్ల దగ్గర నిలబడి చెవి ఒగ్గింది. పైన హాకీ జట్టు నిన్నటి ఓటమి ఎవరివల్ల వచ్చిందో తేల్చుకుంటోంది.

"అరుపులు వినిపిస్తున్నాయి సార్. చంపేస్తానని కూడా అంటున్నారు," అంది ఆ అమ్మాయి.

మేనేజరు పోలీసులకు చెప్పాడు. రిసెప్షన్ అమ్మాయి మూడో అంతస్తును వదిలేసి, మిగతా గదులన్నిటికీ ఫోన్ చేసి గుసగుసగా సంగతి చెప్పింది. అతిథులు ఉన్నపళంగా బయటపడ్డారు. ఒకాయన తలనిండా షాంపూ నురగ. ఒకావిడ టూత్‌బ్రష్ నోట్లోంచి తియ్యడం కూడా మరిచిపోయింది. చాలామంది ఒంటికి చుట్టుకున్నవి హోటల్ టవళ్ళే.

లాండ్రీకున్న చిన్న కిటికీ ఫుట్‌పాత్ ఎత్తులో ఉంటుంది. అందులోంచి అక్కకు కనిపించినవి తడి కాళ్ళూ, దుమ్ములో ఈడ్చుకుపోతున్న తన తెల్లటి టవళ్ళూ. ఆమె ఫోను తీసి ఇంకో సందేశం పెట్టింది. ప్రజలు తిరగబడ్డారనీ, తన టవళ్ళను వీధిలోకి ఎత్తుకుపోయారనీ, తాను మాత్రం లొంగిపోననీ దాని సారాంశం. దారిలో కారులో అది చదివిన మేనేజరు, వెళ్ళిన పోలీసులు చాలరేమోనని మళ్ళీ ఫోన్ చేశాడు.

అక్క గంప పట్టుకుని వెనక తలుపులోంచి వీధిలోకి వచ్చి, టవలు ఇచ్చెయ్యమని షాంపూ పెద్దమనిషిని నిలదీస్తుండగా ఇన్‌స్పెక్టరు ఆమెను జీపు చాటుకు లాగాడు. చెరలోంచి తప్పించుకుని వచ్చిన మనిషి అనుకుని మంచినీళ్ళిచ్చి, మెల్లగా అడిగాడు.

"పైన ఎంతమంది ఉన్నారమ్మా?"

"జట్టంతా అక్కడే ఉంది."

"చేతుల్లో ఏమైనా ఉన్నాయా?"

"కర్రలున్నాయి. ఒక్కొక్కడికీ ఒకటి."

"ఏం కావాలంటున్నారు?"

"టవళ్ళు. ఇచ్చేదాకా గదుల్లోంచి కదలరట."

ఇన్‌స్పెక్టరు తన సర్వీసులో ఇలాంటి కోరిక వినలేదు. అయినా పై అధికారులకు తెలియజేశాడు. ఆ తర్వాత మైకు అందుకుని, మూడో అంతస్తులో ఉన్నవాళ్ళంతా చేతులు పైకెత్తి కిందికి రావాలన్నాడు. కాసేపటికి కిటికీలోంచి జట్టు కెప్టెన్ తల బయటపెట్టాడు. చేతులెత్తడానికి తమకేమీ అభ్యంతరం లేదనీ, అప్పుడు నడుముకున్న టవలును ఎవరు పట్టుకోవాలో కూడా చెప్పమనీ అడిగాడు.

అసలు సంగతి బయటపడటానికి ఆ ప్రశ్న చాలింది. అందరూ లోపలికి వచ్చారు. మేనేజరు చెమటలు కక్కుతూ దిగాడు, వెనకే హోటల్ యజమానురాలు కూడా. అందరి ముందూ మేనేజరు అక్క మీద విరుచుకుపడ్డాడు. తనకు ఇంగ్లీషు రాదని గ్రూపులో రాసి క్షమాపణ చెప్పాలనీ, రేపటినుంచి మళ్ళీ రిసెప్షన్ అమ్మాయి చేతే రాయించుకోవాలనీ అన్నాడు.

"రాయను సార్," అంది అక్క. "తప్పెక్కడుందో చూపించండి."

అతను ఒక్కో వాక్యమూ చదివాడు. ఆమె ఒక్కోదానికీ జవాబు చెప్పింది. మెషీను కూలిన మాట నిజం. వరద నిజం. ఇస్త్రీ మనిషి పారిపోయిన మాటా నిజమే. "మరి శత్రువో?" అన్నాడు మేనేజరు. అక్క గంపలోంచి బురద కొట్టుకుపోయిన టవలొకటి తీసి అతని ముందు పరిచింది.

"దీన్ని మీరోసారి ఉతకండి సార్. మీ నోటా అదే మాట వస్తుంది."

హాకీ కెప్టెన్ తల దించుకున్నాడు. అక్క మాత్రం ఆగలేదు.

"బల్ల, కుర్చీ అని రాస్తే ఇంగ్లీషూ, కోట, యుద్ధం అని రాస్తే కాదా? నాకొచ్చిన మాటలు ఇవి. వీటితోనే రాస్తాను. నా మీద ఎవర్ని కూర్చోబెడతారో కూర్చోబెట్టుకోండి. ముందు వాళ్ళని కిందున్న నీళ్ళలోకి దిగమనండి."

యజమానురాలు ఆ మెషీను ఎన్నాళ్ళనుంచి అలా ఉందని అడిగింది. మేనేజరు హుషారుగా ఫోను తీసి, తాను ఈ విషయం వారం వారం రాస్తూనే ఉన్నానని మెయిళ్ళు చూపించాడు. అన్నిట్లోనూ ఒకటే మాట, ద సేమ్ ఈజ్ అండర్ ప్రాసెస్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైనుంచి కిందికి చదివింది, మళ్ళీ కిందినుంచి పైకి చదివింది.

"ప్రతిదానికీ నోటెడ్ అని జవాబు కూడా ఇచ్చాను," అంది చివరికి. "ఏం నోట్ చేసుకున్నానో నాకిప్పటికీ తెలీదు. ఈవిడ రాసింది చదివి మాత్రం చెప్పులు కూడా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చాను."

అందరూ ఆవిడ కాళ్ళవైపు చూశారు. ఒక చెప్పు నల్లది, ఒకటి గోధుమరంగుది.

సాయంత్రానికి కొత్త మెషీను వచ్చింది. అక్క మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. అతిథులకు క్షమాపణ మేనేజరే రాశాడు. అది ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి ఎవరూ కోప్పడలేదు.

కొన్నాళ్ళకు హోటల్ లిఫ్టు ఆగిపోయింది. మేనేజరు కంపెనీకి రాసిన మెయిళ్ళకు ఉలుకూ పలుకూ లేదు. అతను నేలమాళిగకు దిగి వచ్చి, కాసేపు కొత్త మెషీను బాగుందని మెచ్చుకుని, అటూ ఇటూ చూసి, లిఫ్టు గురించి ఏమని రాస్తే బాగుంటుందని అడిగాడు. అక్క చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తి చేసి ఆలోచించింది.

"లిఫ్ట్ హాజ్ అబ్డికేటెడ్ అని రాయండి సార్," అంది.

మేనేజరు అది పంపించి, ఆ మాటకు రాజు గద్దె దిగిపోయాడని అర్థమని తెలుసుకునేలోపే లిఫ్టు మెకానిక్ వచ్చేశాడు.