ముంగిస నూకాలు నలభై రోజుల చదువు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి ఉండేది. అడవి ఎంత పెద్దదైనా బడి చిన్నగానే ఉంటుంది లెండి, పెద్దగా ఉండేవి ఆఫీసులు. నాలుగు వెదురు గుంజలు, కిటికీ ఉన్న ఒక తడిక, పైన తాటాకు, లోపల కాసిని బెంచీలు, ఒక నల్లబల్ల, ఆ బల్ల పక్కన ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడ్డ కొంగ మాస్టారు. బడంటే అంతే.

కొంగ మాస్టారి పేరు ధవళయ్య. పన్నెండేళ్లుగా ఆయన ఆ బళ్లో కళ్లు మూసుకునే ఉన్నారు. పిల్లలు మరీ అల్లరి చేస్తే ఒక కన్ను తెరిచేవారు. ఇన్‌స్పెక్షన్ అంటే రెండూ తెరిచేవారు.

ఆ బడికి వచ్చే పిల్లలు పదకొండు మంది. కాస్త కలిగినవాళ్లంతా నెమలి కాన్వెంటుకి పంపేవారు. అక్కడ చదువెలా ఉన్నా మెడకి టై ఉండేది. కోతులైతే అదనంగా డబ్బు కట్టి తమ పిల్లల తోకలకి కూడా టై కట్టించుకున్నాయి.

ముంగిస నూకాలుకి అంత తాహతు లేదు. మొగుడు పాముతో పందెం వేసి పోయాడు. పుట్టలు తవ్వుకుని బతికే ఇల్లు. ఉన్నదల్లా ఒక్క కూతురు, పైడి. ఆ పిల్ల పలక మీద అక్షరం దిద్దుతుంటే నూకాలు పని మానేసి చూస్తూ కూర్చునేది. తనకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా కడుపు నిండేది.

నెలనెలా మొదటి శనివారం బళ్లో తల్లిదండ్రుల కమిటీ మీటింగు జరిగేది. మాస్టారు తీర్మానాల పుస్తకం తెరిచి పెట్టేవారు. పక్కన ఒక చిప్పలో బొగ్గు నీళ్లు, ఇంకో చిప్పలో మరమరాలు. తల్లిదండ్రులు వరసగా వచ్చి, కాలు ముంచి, ముద్ర వేసి, మరమరాలు తీసుకుని ఇంటికి పోయేవారు. పుస్తకంలో ఏం రాశారని ఎవరైనా అడిగితే "మీ పిల్లల మంచికే" అనేవారు మాస్టారు. మరమరాలు కరకరలాడేవి. ఇంక అడగడానికేముంది?

ఇలా ఉండగా ఒకరోజు కాకి వచ్చి చాటింపు వేసింది.

"ఇరవై మందికి తక్కువున్న బడులన్నీ ఎత్తివేయబడును! పిల్లలు పెద్ద చెరువు బడిలో కలపబడుదురు! సోమవారం ఏనుగు ఆఫీసరుగారు వచ్చి తలలు లెక్కపెట్టబడును!"

లెక్కపెట్టేది ఎవరో, ఎవర్ని లెక్కపెడతారో కాకికే తెలియలేదు. ఆఫీసు భాష అలాగే ఉంటుంది.

పెద్ద చెరువు బడి వాగు అవతల ఉంది. వాగులో మొసలి ఉంది. కిందటేడు వానాకాలం ఒక జింకపిల్ల అవతలి ఒడ్డు పుట్టగొడుగుల కోసం ఆ వాగులో దిగింది, మళ్లీ ఒడ్డెక్కలేదు. నూకాలు తవ్వుతున్న పుట్ట వదిలేసింది. ఉన్నపళంగా బడికి పరిగెత్తింది.

"మేస్టారూ, వాగు దాటి మా గుంటలు, పసిపిల్లలు, ఎలగెళ్తారండీ?"

మాస్టారు ఒక కన్ను తెరిచారు. "ప్రభుత్వం ఆలోచించే ఉంటుందమ్మా."

"మొసలి కూడా ఆలోచించే ఉంటాది కదండీ!"

మాస్టారు తెరిచిన కన్ను మూసేశారు. ఆయనకి లోలోపల సంతోషంగానే ఉంది. ఆయన గూడు పెద్ద చెరువు గట్టునే ఉంది. పన్నెండేళ్లుగా పొద్దున ఎగిరి వచ్చి, సాయంత్రం ఎగిరి వెళ్లి రెక్కలు పీకేస్తున్నాయి. ఆ బడికి మారితే గూట్లోంచి దిగితే బడి, బడిలోంచి దిగితే చేపలు.

నూకాలు అక్కడినుంచి తిన్నగా ఎలుగుబంటి అప్పలకొండ దగ్గరికి వెళ్లింది. తాబేలు సింహాద్రి తాత కూడా అక్కడే ఉన్నాడు. తాత కమిటీ ప్రెసిడెంటు. ఆయన చేరేసరికి మీటింగు ఎలాగూ అయిపోతుంది గనక ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

"గుంటలు పదకొండు మంది. తొమ్మిది తక్కువ," అంది నూకాలు. "ఒక్క రోజుకి మనవే బళ్లో కూకుంటే?"

"నానా? బళ్లోనా?" అప్పలకొండ గుండెల మీద జుట్టు చూపించాడు. "నా పిల్లలకి పిల్లలు పుట్టే ఈడే నూకాలూ!"

"ఏనుక్కి కింద తిరిగేవోల్లంతా పిల్లలే, మావా. అంతెత్తు నుంచి నీ వయసు అగుపడతాదేటి?"

తాబేలు తాత మాత్రం ఉత్సాహపడ్డాడు. "తల డొప్పలోకి లాగేసుకుంటే నాకు నూరేళ్లని ఎవుడికి తెలుస్తాదిరా!"

సోమవారం పొద్దున కొంగ మాస్టారు బళ్లోకి వచ్చేసరికి బెంచీలన్నీ నిండి ఉన్నాయి. తొమ్మిది మంది పెద్దలు తీగలతో రిబ్బన్లు కట్టుకుని, పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నూకాలు తన కూతురి పక్కనే కూర్చుంది. పైడి సిగ్గుతో తలకాయ పలక వెనక దాచుకుంది.

"ఏమిటీ అన్యాయం! లేవండి, లేవండి!" అంటూ మాస్టారు రెక్కలు విదిల్చేలోపే నేల అదిరింది. ఏనుగు ఆఫీసరుగారు వచ్చేశారు. వెనకాల ఫైళ్లు మోసుకుంటూ నక్క గుమాస్తా.

ఆఫీసరుగారు తాటాకు కాస్త ఎత్తి పైనుంచే లోపలికి చూశారు. "ఒకటి, రెండు, మూడు... ఇరవై! భేష్! మాస్టారూ, చుట్టుపక్కల బడులన్నీ ఖాళీ అవుతుంటే మీరొక్కరే పిల్లల్ని పెంచారు."

అని తొండం అప్పలకొండ నెత్తిమీద పెట్టి, "నిజంగానే పెంచారే! ఇది ఏ తరగతి?"

"ఒకటో కలాసండి," అన్నాడు అప్పలకొండ సన్నగా.

"మధ్యాహ్న భోజనంలో ఏం పెడుతున్నారయ్యా!" అని ఆఫీసరుగారు తెగ ముచ్చటపడ్డారు. "గుమాస్తా, రాసుకో. ఉత్తమ ఉపాధ్యాయుడు ధవళయ్య. శాలువాకి సిఫారసు."

మాస్టారు నిజం చెప్పడానికి ముక్కు తెరిచారు. శాలువా మాట విని మూశారు. అంత పొడుగు ముక్కు మూయడానికి కాస్త సమయం పట్టింది గానీ, మూశారు.

అంతటితో పోతే కథే లేదు. వెళ్లబోతూ ఆఫీసరుగారు వెనక్కి తిరిగారు. "ఇలాంటి బడి అందరికీ ఆదర్శం కావాలి. రేపటినుంచి నలభై రోజులు మా ఆఫీసు చిలుక ఈ కిటికీలో కూర్చుంటుంది. పొద్దున్నే ఈ ఇరవై మొహాలూ చూసుకుంటుంది. ఒక్క మొహం తగ్గినా బడి లేనట్టే. ఇక్కడ విన్న పాఠం సాయంత్రం వచ్చి ఆఫీసులో అప్పజెప్పుతుంది."

కుడితిలో పడ్డ ఎలుక అంటారే, అలా అయింది అందరి పని. ఎలుకలు మన్నించాలి. అప్పలకొండ తేనెపట్టులు చూస్తుండగానే ఎవరో కొట్టుకుపోయారు. నూకాలు తవ్వాల్సిన పుట్టలు తవ్వకుండానే ఉండిపోయాయి. తల్లీకూతుళ్లు రాత్రికి మిగిలిన దుంపలతో సరిపెట్టుకున్నారు. మాస్టారి బాధ ఇంకా ఎక్కువ. చిలుక వింటోంది గనక ఆయన పాఠం చెప్పాల్సి వచ్చింది.

మొదటి రోజు నల్లబల్ల దుమ్ము దులపడంతోనే సరిపోయింది. రెండో రోజు అ దగ్గర మొదలుపెట్టి ఋ దగ్గర ఆగిపోయి, పెద్దబాలశిక్ష వెతుక్కున్నారు. పదో రోజుకి గాడిలో పడ్డారు. పదిహేనో రోజున ఆయనకే ఆశ్చర్యం వేసింది, తనకి చదువు చెప్పడం వచ్చునని.

నూకాలుకి మొదట్లో ఏమీ ఎక్కలేదు. ఇంటికెళ్తే పైడి వదిలేది కాదు. "అమ్మా, అది క కాదే, దానికి తలకట్టేదీ? మళ్లీ రాయి. పదిసార్లు రాయి."

"ఒసే, అన్నం వండాలే..."

"వంటకేటి తొందర? ముందు హోంవర్కు!"

ఇరవయ్యో రోజున వాన వెలిసిన బురదలో నూకాలు తన పేరు తనే రాసుకుంది. వంకరగా ఉంది, లు కాస్త దూరంగా పోయింది. అయినా అది తన పేరే. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మళ్లీ రాసింది. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చి, ఆ బురద ఆరేదాకా దాన్ని ఎవర్నీ తొక్కనివ్వలేదు.

ముప్పై మూడో రోజు మొదటి శనివారం అయింది. కమిటీ మీటింగు.

ఈలోగా మాస్టారు బడులు ఎత్తేసే సర్క్యులరు అటూ ఇటూ తిప్పి చదివి అడుగున ఒక చిన్న వాక్యం కనిపెట్టారు. పిల్లలు ఎంతమంది ఉన్నా సరే, తల్లిదండ్రులే స్వయంగా కోరుకుంటే బడిని చెరువు బడిలో కలపవచ్చునట. అంటే శాలువాకి శాలువా, చెరువుకి చెరువు. ఆయన ఆ రాత్రే తీర్మానం రాసేశారు. శనివారం నాలుగింటికి బడి వదిలి, చిలుక తోక సవరించుకుంటుండగా, పుస్తకం తెరిచి, బొగ్గు నీళ్లు పెట్టి, మరమరాల చిప్ప ఈసారి నిండుగా పెట్టారు.

పొద్దుటినుంచీ తనే అక్షరాలు చెప్పిన వాళ్లు సాయంత్రం మీటింగుకి ఏమీ రానివాళ్లయిపోతారని ఆయన నమ్మకం. తాము చెప్పిన చదువు మీద కొందరు మాస్టార్లకి ఆ మాత్రం నమ్మకమే ఉంటుంది.

"సర్కారు పిల్లలకి ఇచ్చే గుడ్ల విషయమమ్మా. ముద్ర వేసెయ్యండి," అన్నారు.

నూకాలు కాలు ముంచింది. కాగితం మీద పెట్టబోతూ, అలవాటు కొద్దీ కళ్లు అక్షరాల మీద పడ్డాయి. నెల రోజుల అలవాటు మరి. పెదాలు వాటంతటవే కదిలాయి.

"వా... గు. వాగు. అ-వ-త-ల. అవతల."

మాస్టారు రెండు కళ్లూ తెరిచారు. "చదవక్కర్లేదమ్మా! ముద్ర చాలు!"

"ఉండండి మేస్టారూ, ఒత్తొచ్చింది, ఆగిపోనాను." నూకాలు వేలు పెట్టి మళ్లీ మొదలెట్టింది. "వాగు అవతల బడికి... మా పిల్లలను పంపుటకు... మేమే... కోరుకుంటున్నాము."

మరమరాలు నములుతున్న అప్పలకొండ దవడ ఆగిపోయింది. వచ్చి పుస్తకం లాక్కుని వెనక పేజీ తిప్పాడు. మొరటు గొంతుతో కూడబలుక్కుని చదివాడు.

"గుడ్డు... పిల్లలకు వేడి చేయును గనుక... వద్దని... తీర్మానించితిమి."

ఆ పేజీ నిండా ముద్రలు. మూడోది తనదేనని నూకాలు చూడగానే పోల్చుకుంది. వేలు విరిగిన ముద్ర ఈ అడవిలో ఇంకెవరికీ లేదు. మూడేళ్లుగా తన బిడ్డ నోటి దగ్గర గుడ్డు లాగేసింది తన కాలే. దేనికోసం? గుప్పెడు మరమరాల కోసం. ఆమెకి కొంగ మీద కంటే తన మీద తనకి ఒళ్లు మండిపోయింది.

తాబేలు తాత ఇంకో పేజీ చదివాడు. "మంచినీళ్ల కుండ వల్ల జలుబు చేయును గనుక అక్కరలేదు." గుడ్లు ఉడికించడం, కుండ నింపడం, మాస్టారికి రెండు పనులు తప్పాయి. అన్ని పేజీల్లోనూ మొదటి ముద్ర, ఎంత ఆలస్యంగా వచ్చి వేసినా, ప్రెసిడెంటుదే. తాత తల డొప్పలోకి లాక్కున్నాడు. ఈసారి వయసు దాచుకోవడానికి కాదు.

"మేస్టారూ," అంది నూకాలు, "మా గుంటల మంచికేనా ఇవన్నీ?"

మాస్టారు ఒంటికాలి మీద నిలబడబోయి తూలారు.

నూకాలు మరమరాల చిప్ప అవతలికి తోసింది. బొగ్గుముక్క తీసుకుని తీర్మానం మీద అడ్డంగా కొట్టేసి, కింద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: "మా బడి ఇక్కడే. గుడ్డు రోజూ." ముద్ర వేయలేదు. పేరు రాసింది. అప్పలకొండా, తక్కినవాళ్లూ వరసగా రాశారు. తాత తల బయటికి తీసి రాయడానికి పొద్దు గూకింది. అంతవరకూ అందరూ ఆగారు.

కిటికీలో చిలుక అంతా వింది. దాని పని వినడం, అప్పజెప్పడం. ఆఫీసుకి ఎగిరిపోయి వాగు, గుడ్డు, కుండ, జలుబు, అన్నీ ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది.

ఏనుగు ఆఫీసరుగారు చెవులు విప్పారు. "పిల్లలు తీర్మానాలు చదవడమేమిటి?"

"వాళ్లు పిల్లలు కారు సార్, తల్లిదండ్రులు," అంది నక్క.

"ఇరవై మందీ పిల్లలేనని సంతకం పెట్టిందెవరు?"

"తమరే సార్."

"అయితే పిల్లలే."

"చిత్తం. పిల్లలే."

ఆఫీసరు సంతకం ఒకసారి పడ్డాక ఎలుగుబంటైనా సరే ఒకటో క్లాసే. కాబట్టి ఆర్డర్లు ఇలా వచ్చాయి. బడి ఉన్నచోటే ఉండును. గుడ్లు రోజూ ఇరవై. ఒకటో తరగతి పిల్లల చేత తీర్మానాలు చదివించిన మేటి గురువు ధవళయ్య గారికి శాలువా. అంతటి గురువుని అక్కణ్ణుంచి కదిలించడం అడవికే నష్టం గనుక, రిటైరయ్యేదాకా బదిలీ లేదు.

ఆ సాయంత్రం కొంగ మాస్టారు భుజాన శాలువాతో, బరువుగా, చెరువు వైపు ఎగురుతూ పోయారు. శాలువాతో ఎగరడం మామూలుగా ఎగరడం కంటే కష్టం.

వారం తిరక్కుండా కాకి ఇంకో సర్క్యులరు తెచ్చి బడి గుంజకి అతికించింది. ఇకనుంచి కమిటీలో సభ్యులుగా కాలిముద్ర వేయువారిని మాత్రమే తీసుకొనవలెను, పేరు రాయగలవారు అనర్హులు అని దాని సారాంశం.

నూకాలు దాన్ని వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఆఖరిదాకా చదివింది. చదివి పకపకా నవ్వింది. పక్కన పైడి గుడ్డు ఒలుచుకుని తింటోంది.

నీతి: పిల్లలకి ఎంత చదువు చెప్పినా సర్కారుకి భయం లేదు, వాళ్ల అమ్మలకి మాత్రం అక్షరం ముక్క రానివ్వకూడదు.