బిందు నాయకత్వ లక్షణాలు

అమలాపురంలోని ఓ ఇంగ్లీషు మీడియం బడిలో ఒకటో తరగతిలో కొత్తగా చేరిన బిందుకు పుట్టుకతోనే నాయకత్వ లక్షణాలు అబ్బాయని జూన్ నెలలో గుర్తించడమైనది.

ఆ పిల్ల తండ్రి నూకరాజు తహసీల్దారు గారి జీపు డ్రైవరు. బడి తెరిచిన రోజున అతని మోటారు సైకిలు మొరాయించింది. తహసీల్దారు గారు దయగలవారు కనుక, పాపని జీపులో దింపి రమ్మన్నారు. జీపు గేటు ముందు ఆగగానే ప్రిన్సిపాల్ అనూరాధ గారు స్వయంగా మెట్లు దిగి వచ్చారు. దరఖాస్తులో తండ్రి ఉద్యోగం డ్రైవరని రాసే ఉంది. కానీ జీపును కళ్లారా చూసినవాళ్లకి దరఖాస్తుతో పనుండదని మీకు తెలియనిది కాదు.

ఆ రోజు నుంచి బిందు మాట్లాడకపోతే గాంభీర్యం, మాట్లాడితే వాక్చాతుర్యం. పక్కపిల్ల పెన్సిలు లాక్కుంటే నిర్ణయశక్తి. ఫ్యాను కింద మొదటి బెంచీ ఆమెకు కేటాయించారు. సాయంత్రం ఖాకీ చొక్కాతో వచ్చిన నూకరాజును ఆ పిల్ల "నాన్నా" అంటూ వాటేసుకుంటే టీచర్ల కళ్లు చెమర్చాయి. డ్రైవర్ని కూడా నాన్నా అని పిలిచే సంస్కారం పెద్దవాళ్ల ఇళ్లలోనే ఉంటుందని తీర్మానించుకున్నారు.

నూకరాజు నిజం చెప్పబోయాడు. "పాప నా కూతురండీ" అన్నాడు.

"ఆయ్, అలాగే చూసుకోవాలి బాబూ. నీలాంటి నమ్మకస్తులు ఈ రోజుల్లో దొరకరు" అన్నారు అనూరాధ గారు.

మళ్లీ చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. నిరుడంతా నోరు మెదపని పిల్ల ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఇంగ్లీషు పాఠాలు గలగలా చదువుతోంది. నిజంతో పాటు ఆ చదువూ పోతుందేమోనని భయపడ్డాడు.

డిసెంబరులో వార్షికోత్సవం. ముఖ్య అతిథి తహసీల్దారు గారు. బిందు స్వాగతం పలికాక అనూరాధ గారు మైకు అందుకుని, తండ్రిగారి కార్యదక్షతను పుణికిపుచ్చుకుని పుట్టిన చిన్నారి అంటూ పావుగంట ప్రసంగించారు. తహసీల్దారు గారు ఎంతో సంతోషించారు.

"నిజమేనండి. మా నూకరాజు బండి చాలా జాగ్రత్తగా నడుపుతాడు" అన్నారు మైకులోనే.

సోమవారం నుంచి బిందు పాడైపోయినట్టు ఉపాధ్యాయ బృందం గమనించింది. మాట్లాడకపోతే మొద్దు, మాట్లాడితే వాగుడుకాయ, పెన్సిలు లాక్కుంటే రౌడీ. బెంచీ వారానికొకటి చొప్పున వెనక్కి జరిగి గోడ దగ్గర ఆగింది. జనవరి చివరికి ఆ పిల్ల ఇంట్లో పుస్తకం తెరవడం మానేసింది. ఎందుకమ్మా అని నూకరాజు బతిమాలాడు.

"మనకి చదువు రాదంట నాన్నా" అంది.

ఆ పూట అతనికి అన్నం సయించలేదు. వేసవి సెలవులు కాగానే కూతుర్ని వెంటబెట్టుకుని ఊరికి అవతల ఉన్న మరో బడికి వెళ్లాడు. ఈసారి ముందే డ్రైవర్నని చెప్పెయ్యాలని దారంతా మనసు గట్టి చేసుకున్నాడు. అక్కడి హెడ్మాస్టరు గారు కాగితాల్లోంచి తలెత్తకుండానే, తండ్రి ఏం చేస్తాడని అడిగారు. నూకరాజు గొంతు సవరించుకున్నాడు.

"మా నాన్నగారు రెవెన్యూ డిపార్టుమెంటండీ" అంది బిందు, తడుముకోకుండా.

హెడ్మాస్టరు గారు చటుక్కున లేచి కుర్చీ జరిపారు. "కూర్చోండి సార్."

నూకరాజు కూతురి వంక చూశాడు. కుర్చీ వంక చూశాడు. కూర్చున్నాడు.