ఇంట్లో అడిగి చెప్తాను

ఆ సోమవారం ఉదయం సుందర్ రాజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇడ్లీ తినడం, పదింటికి డాబాగార్డెన్స్ వెళ్ళి కొత్త టీవీ ఒకటి ఎంచుకోవడం, పన్నెండింటికల్లా దాన్ని రిక్షా ఎక్కించి జ్ఞానాపురంలో ఇంటికి చేరడం. ముప్పయ్యేళ్ళు పోర్టులో క్రేను మీద కూర్చుని, ఓడల కడుపు నిండా ఇనుప ఖనిజం పోసిన మనిషికి ఒక టీవీ ఇంటికి చేర్చుకోవడం పెద్ద పనా? కాదనే ఆయనా అనుకున్నాడు.

పాత టీవీ శనివారం నాడు పోయింది. పద్నాలుగేళ్ళ నలుపు తెలుపుల పెట్టె. దానికి బొమ్మ పోయి చాలాకాలమైంది, మాట మాత్రం మిగిలింది. సుందర్ రాజ్‌కి ఆ మాట చాలు. భార్య జయశీల పోయి ఏడాదిన్నర. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇంకో గొంతంటూ ఉన్నది టీవీదే. అన్నం వండుకుంటూ రైతుల కార్యక్రమం వినేవాడు. సెంటు భూమి లేకపోయినా వరికి పట్టే తెగుళ్ళ గురించి ఆయనకి తెలియనిది లేదు. శనివారం ఆ మాట కూడా పోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి తలుపు తీస్తే గోడ గడియారం చప్పుడు వినబడింది. దానికి చప్పుడుందని ఆయనకి అంతవరకూ తెలియదు. అరవై ఏళ్ళ మనిషికి పట్టపగలు గడియారాన్ని చూసి భయమేసింది.

నీలకంఠం ఎలక్ట్రానిక్స్ వారి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గోడ నిండా ముప్పై టీవీలు, ముప్పయ్యీ మాట్లాడుతున్నాయి. ఎల్లారావు అనే సేల్స్‌మన్ ఎదురొచ్చి స్టూలు వేశాడు. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే నలభయ్యేళ్ళ మనిషి. గంటసేపు ఒక్కొక్క టీవీ జాతకం చెప్పాడు. మధ్యలో టీ తెప్పించి, పంచదార ఎంత వెయ్యమంటారని అడిగాడు. తన టీలో పంచదార గురించి ఎవరైనా అడిగి ఏడాదిన్నర అయిందని సుందర్ రాజ్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

"మరైతే ఈ ఇరవై ఒక్క ఇంచీలది కట్టించీమంటారా సార్?" అన్నాడు ఎల్లారావు.

"ఇంట్లో ఓ మాట అడిగి చెప్తాను," అన్నాడు సుందర్ రాజ్.

అనేశాక నాలుక కరచుకున్నాడు. అది ఆయన అన్న మాట కాదు, అలవాటు అన్న మాట. వంజరం చేప బేరం దగ్గర్నుంచి ఇంటి స్థలం బేరం దాకా ముప్పై రెండేళ్ళుగా ఏ బేరాన్నైనా ఆయన ఆ మాట దగ్గరే ఆపేవాడు. దిద్దుకుందామని నోరు తెరిచాడు. కానీ ఎల్లారావు అప్పటికే భక్తిగా చేతులు కట్టుకున్నాడు.

"అడగాలి సార్. అడక్కుండా నాను ఓపాలి మిక్సీ అట్టుకెల్లాను మా ఇంటికి. రెండేళ్ళయింది. ఇప్పటికీ దాంట్లో పచ్చడి నానే రుబ్బుతన్నాను. మేడమ్ గారిని అడిగి, రేపు వచ్చి సెప్పండి."

రేపు రమ్మన్నాడు. సుందర్ రాజ్‌ని రేపు రమ్మనే మనిషి ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. తెరిచిన నోరు మూసుకుని బయటికి వచ్చాడు.

రైలు వంతెన మీదుగా నడుస్తూ, నిజంగానే అడిగితే జయశీల ఏమని ఉండేదా అని ఆలోచించాడు. కష్టపడనక్కర్లేకపోయింది. పోర్టు నుంచి రోజూ చొక్కా నిండా ఎర్ర దుమ్ము పూసుకుని వచ్చేవాడు. ఎంత సబ్బు రుద్దినా నీళ్ళు ఎర్రగానే దిగేవి. ఆవిడ దొడ్లో బట్టలు ఉతుకుతూ ఆ ఎరుపును తిట్టని రోజు లేదు. మర్నాడు సాయంత్రం వెళ్ళి, "ఎరుపు ఎక్కువైందంటోంది," అని చెప్పేశాడు.

ఎల్లారావు ఆశ్చర్యపోయాడు. "సూడకుండానే ఏటి సార్?"

"వార్తలు చదివే అమ్మాయి బుగ్గలు టమాటాల్లా ఉన్నాయని నేను చెప్పాను. అయితే ఎరుపు ఎక్కువే అంది."

ఎల్లారావు టీవీ దగ్గరికి వెళ్ళి ఆ అమ్మాయి బుగ్గల్ని పరీక్షగా చూశాడు. తర్వాత ఇంకో కంపెనీది చూపించాడు. సుందర్ రాజ్ దాన్నీ ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. ఆ టీవీకి రెండు పక్కలా స్పీకర్లు గాడిద చెవుల్లా ఉన్నాయని బుధవారం జవాబు వచ్చింది. గురువారం నాటి దానికి రిమోటు ఉంది. రిమోటు ఉంటే మీరు కుర్చీలోంచి లేవరు, మోకాళ్ళు పట్టేస్తాయి అని శుక్రవారం జవాబు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. వీటిలో ఏదీ సుందర్ రాజ్ కల్పించింది కాదు. బ్రతికుంటే ఆవిడ అనే మాటలే అన్నీ. రోజూ ఉదయం లేవగానే ఇవాళ ఏమంటుందో అని ఎదురుచూడటం మొదలైంది. ఇంట్లో గడియారం చప్పుడు కూడా తగ్గినట్టనిపించింది. అబద్ధమాడుతున్నానన్న బాధ ఆదివారం చర్చిలో కాస్త గుచ్చేది. సోమవారం సాయంత్రానికి సర్దుకునేది.

మూడో వారానికి ఆయన స్టూలు పోయి కుర్చీ వచ్చింది. టీవీ కొనడానికి వచ్చినవాళ్ళు సేల్స్‌మన్ మాట నమ్మరు, పక్కన కూర్చున్న కొనుగోలుదారు మాట నమ్ముతారు. "మీకేమనిపించిందండీ?" అని ఆయన్ని అడిగేవారు. "మా ఇంట్లో అయితే ఇలా అంటోంది," అని ఆయన చెప్పేవాడు. ఇరుకు గదికి ఏది, దోమతెరలోంచి చూసేవాళ్ళకి ఏది, మధురవాడలో కొత్త ఫ్లాటుకి ఏది, అన్నీ జయశీల తేల్చేసేది. కొనేవాళ్ళు తలలూపి, ఆవిడ మెచ్చిన టీవీలు పట్టుకుపోయేవారు. ఆవిడ ఎరుపు ఎక్కువన్న కంపెనీ టీవీలు మాత్రం నేలమాళిగలో పేరుకుపోయాయి. ఆ కంపెనీ పేరు మనకెందుకు గానీ, షాపు యజమాని నీలకంఠానికి మటుకు నిద్ర పట్టలేదు.

నీలకంఠం గట్టి వ్యాపారి. కంపెనీకి ఉత్తరం రాశాడు. ఇంజనీరు వచ్చి పది టీవీల వెనక మూతలు విప్పాడు. ఖర్మ కాలి, ఆ సరుకులో నిజంగానే ఎరుపు ఒక పిసరు ఎక్కువ పెట్టి ఉంది. దేశమంతా వేల టీవీలు అమ్ముడైతే, ఇల్లు కదలకుండా తప్పు పట్టిన ఒకే ఒక్క ఇల్లాలు జ్ఞానాపురంలో ఉందని కంపెనీ వాళ్ళకి తెలిసింది. బొంబాయి నుంచి పెద్ద మేనేజరు స్వయంగా వస్తాడని, మేడమ్ గారికి శాలువా కప్పి, సరిచేసిన టీవీని ఆవిడకి చూపించి, ఫొటో తీసి కరపత్రాల మీద వేస్తారని కబురొచ్చింది.

కుడితిలో పడ్డ ఎలుకలా అయింది సుందర్ రాజ్ పని. మొదట మేడమ్‌ని అక్కగారి ఊరు పంపాడు. ఎప్పుడొస్తారో చెప్పండి, అప్పుడే పెట్టుకుందామన్నారు. ఆవిడకి జలుబు చేయించాడు. తగ్గేదాకా ఆగుతామన్నారు. చివరికి గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకున్నానని తిట్టుకుని, ఒక టీవీ కొనేస్తే పీడ విరగడవుతుందని బయల్దేరాడు. కొంటే ఇక ఈ కుర్చీ ఉండదని దారంతా బెంగపడ్డాడు.

"నీలకంఠం గారూ, మా ఇంట్లో ఒప్పుకుంది. ఏదో ఒకటి కట్టించెయ్యండి," అన్నాడు.

"ఏదో ఒకటా? అంత తెలివైనావిడకా?" అన్నాడు నీలకంఠం. "ఆవిడ కళ్ళతో సూడకుండా మీకు టీవీ అమ్మను సార్."

"అది కాదండీ. మా ఇంట్లో..." అని సుందర్ రాజ్ ఆగాడు. పోయింది అన్న మాట ఆ షాపుకొస్తున్న ఇన్నాళ్ళలో ఒక్కసారీ నోట్లోంచి రాలేదు. ఇప్పుడు అసలే రానంది.

"ఇంకా ఒంట్లో బాగోలేదా? ఆవిణ్ణి కదిపొద్దు. గురువారం నాలుగింటికి మేమే వస్తాం," అన్నాడు నీలకంఠం.

గురువారం పొద్దున్నే సుందర్ రాజ్ ఇల్లు తుడిచాడు. ఏడాదిన్నరగా అలమరలో ఉన్న ఆరు గాజు కప్పులూ దించి కడిగాడు. గోడ మీద జయశీల ఫొటో ఉంది. దండ వెయ్యడానికి మనసొప్పక వెయ్యలేదు. కింద మాత్రం తెలుగులో 'ప్రభువు సన్నిధికి చేరినది: 12-8-1999' అని రాయించాడు. ఒక్క గంటసేపు ఆ ఫొటో తీసి లోపల పెడితే గండం గడుస్తుందని స్టూలెక్కాడు. పటం రెండంచులూ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒకసారి ఈ ఇంట్లోంచి ఆవిణ్ణి పంపించాడు. ఇంకోసారి, అదీ తన చేతులతో, ఆయన వల్ల కాలేదు. ఫొటో మీద దుమ్ము తుడిచి దిగిపోయాడు. వచ్చినవాళ్ళు తిట్టి పోతారు, రేపటి నుంచి ఆ షాపు గుమ్మం తొక్కే మొహం ఉండదు. సరే, కానీ.

నాలుగింటికి వ్యాను వచ్చింది. ముందు ఎల్లారావు టీవీ పెట్టె మోసుకుని లోపలికి వచ్చాడు. వెనక నీలకంఠం పళ్ళ బుట్టతో, ఆయన వెనక బొంబాయి మేనేజరు శాలువాతో, మెళ్ళో కెమెరాతో వచ్చారు. ఎల్లారావు పెట్టె దించి నడుం ఎత్తాడు. కళ్ళు ఫొటో మీద పడ్డాయి, తర్వాత దాని కింద అక్షరాల మీద పడ్డాయి. అతను నీలకంఠం వైపు చూశాడు. నీలకంఠం కూడా చదివాడు. ఒకసారి ఇల్లంతా కలయజూశాడు. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ, బొమ్మా మాటా లేని పాత టీవీ.

సుందర్ రాజ్ తల దించుకుని నిలబడ్డాడు. గడియారం చప్పుడు బాగా వినబడింది.

తెలుగు మాటా అక్షరమూ రాని మేనేజరు, మేడమ్ ఎక్కడని హిందీలో అడిగాడు. నీలకంఠం గొంతు సవరించుకున్నాడు. ఆవిడ కొత్తవాళ్ళ ముందుకు రారనీ, లోపలి నుంచే చూస్తారనీ తనకొచ్చిన హిందీలో చెప్పాడు. మేనేజరు లోపలి గది తలుపు వైపు తిరిగి మర్యాదగా నమస్కారం పెట్టి, శాలువా సుందర్ రాజ్ చేతికిచ్చాడు.

ఎల్లారావు టీవీని పాతదాని పక్కన పెట్టి, తీగలు తగిలించి, బొమ్మ తెప్పించాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి చూసి, దాన్ని గోడ వైపుకి, ఫొటోకి ఎదురుగా తిప్పాడు.

"మేడమ్ గారికి అవుపడాలి కదా సార్," అన్నాడు మెల్లిగా.

అయిదు నిమిషాలు అందరూ పక్కకి వొరిగి ఆ టీవీ చూశారు. వార్తలు చదివే అమ్మాయి బుగ్గలు బుగ్గల్లాగే ఉన్నాయి. అప్పుడు నీలకంఠం సుందర్ రాజ్ వైపు తిరిగాడు. ఆయన మొహంలో వేళాకోళం లేదు.

"అడగండి సార్," అన్నాడు.

నలుగురిలో ఆయన భార్యని ఏదైనా అడిగి ఏడాదిన్నరైంది. సుందర్ రాజ్ ఫొటో వైపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శాలువా అంచుతో తుడుచుకున్నాడు. జవాబు రావడానికి కొంచెంసేపు పట్టింది గానీ వచ్చింది.

"ఎరుపు సరిపోయిందట," అన్నాడు. "కానీ ఇది ఇంట్లోకి వస్తే, సాయంత్రం పూట మీరు ఎక్కడికెళ్తారు అంటోంది."

ఎల్లారావు తీగల వైపు వంగి వాటిని అనవసరంగా సర్దసాగాడు.

"ఆవిడ మాట కరక్టే," అన్నాడు నీలకంఠం చివరికి. "ఎల్లారావూ, కట్టెయ్. మేడమ్‌కి ఇదీ నచ్చలేదు." తర్వాత సుందర్ రాజ్‌తో, "రేపు సాయంత్రం ఇంకో మోడలొస్తంది. ఓసారొచ్చి సూసి, ఇంట్లో అడిగి సెప్పండి," అన్నాడు.

ఏం జరిగిందని మేనేజరు అడిగాడు. మేడమ్ వద్దన్నారని నీలకంఠం చెప్పాడు. మేనేజరు నిట్టూర్చి, జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నలుగురూ గాజు కప్పుల్లో టీ తాగారు. ఎవరికి పంచదార ఎంతో సుందర్ రాజ్ అడిగి మరీ వేశాడు. వాళ్ళు వెళ్ళాక శాలువా మడత విప్పి పాత టీవీ మీద కప్పాడు.

నీలకంఠం జాలితోనే ఆ పని చేశాడో, ఆ కుర్చీ పుణ్యమా అని నెలకి అమ్ముడయ్యే టీవీలు గుర్తొచ్చి చేశాడో చెప్పలేం. మంచితనానికీ వ్యాపారానికీ డాబాగార్డెన్స్‌లో మధ్యగోడ ఒకటే. మర్నాడు సాయంత్రం ఐదింటికి సుందర్ రాజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని రైలు వంతెన ఎక్కాడు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది, టీవీ ఎంపిక ఇంకా తేలలేదు.