ఎనిమిది లేని సంఖ్య

ఆ ఆదివారం దేవకుమారి అనుకున్నది చాలా చిన్న పని. ఆరాధన మొదలయ్యేలోగా చర్చి బేస్‌మెంట్‌లో ఓ మూల కూర్చుని, మర్నాడు స్కూల్లో మ్యాథ్ ఫెయిర్‌లో చార్ట్ పెట్టి చెప్పబోయేది ఒకసారి సరిచూసుకోవాలి. రేపల్లె దగ్గరి పల్లెటూరి బడి నుంచి అమెరికాలోని పిస్కాటవే వచ్చి ఏడాది కాలేదు. క్లాసులో ఆమె గొంతు విన్నవాళ్లు లేరు. ఎక్కువ మాట్లాడకుండానే తనకేం వచ్చో చూపించే అవకాశం ఆ సంఖ్య ఒక్కటే: 12345679. అంకెలన్నీ వరుసగా ఉంటాయి, ఎనిమిది మాత్రం ఉండదు. ముప్పై ఏడుతో నిశ్శేషంగా భాగం పోతుంది. తొమ్మిదితో గుణిస్తే అన్నీ ఒకట్లే.

తండ్రి జోసఫ్ ఆఫీసు నుంచి తెచ్చిన, కాగితం చుట్ట మీద అచ్చువేసే కాలిక్యులేటర్ టకటకలాడుతుంటే సంఘపెద్ద దైవాశీర్వాదం గారు తొంగి చూశారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఒక అంకె చెప్పండి అంకుల్. దాన్ని తొమ్మిదితో గుణించి, వచ్చినదాంతో దీన్ని గుణిస్తే మీ అంకే వరసగా వస్తుంది."

ఆయనకు ఆరుగురు మనవలు. "ఆరు," అన్నారు మురిపెంగా.

కాగితం మీద 666666666 పడింది.

బైబిల్లో క్రూరమృగం సంఖ్య 666. ఇక్కడ అది మూడుసార్లు పక్కపక్కన నిలబడి ఉంది. ఆయన కాగితం చింపుకుని మెట్లెక్కారు. రెండో కీర్తన అయ్యేసరికి మెషీన్ తనంతట తానే మోగిందన్నారు పైనున్నవాళ్లు. ప్రసంగం అయ్యేసరికి ఆ పిల్ల దానికి దణ్ణం పెడుతుండగా చూశామన్నారు. భోజనాల వేళకు విమలకుమారి ఆంటీ కాలిక్యులేటర్ మీద బైబిల్ పెట్టేసింది.

"చార్ట్ చింపెయ్యి. రేపు ఫెయిర్ లేదు, గీయిర్ లేదు," అన్నాడు జోసఫ్. "స్కూల్‌కి నేను ఫోన్ చేస్తాను."

ఈ చర్చిలో నలుగురిలో ఆమెన్ తప్ప మరో మాట పలకని పిల్ల అందరి ముందూ లేచి నిలబడింది.

"ఆరు అడిగింది అంకులే కదా! అడిగిందే వచ్చింది. ఆయన్నేమీ అనరు, నా చార్ట్ చింపమంటారా?"

పులిహోర వడ్డిస్తున్న గరిటె ఆగిపోయింది. విమలకుమారి ఆంటీ మెల్లగా బైబిల్ తీసింది.

"అయితే నాకు మూడు వెయ్యవే, చూద్దాం."

ఇరవై ఏడుతో గుణిస్తే అన్నీ మూళ్లే వచ్చాయి.

"త్రిత్వం! స్తోత్రం!" అని కేక పెట్టింది ఆంటీ. ఇంకెవరో ఏడు అడిగారు. అన్నీ ఏడులు. పరిపూర్ణతకు గుర్తని అందరూ చప్పట్లు కొట్టారు. అన్నం చల్లారుతున్నా కాలిక్యులేటర్ ముందు వరస తరగలేదు. జోసఫ్ కూడా ఆ వరసలోనే ఉన్నాడు.

దైవాశీర్వాదం గారు గొంతు సవరించుకున్నారు. "నేను ఆరు అడిగింది పరీక్షించడానికేనయ్యా. మృగం గురించి హెచ్చరిక ఇస్తుందా లేదా అని! రేపు అమ్మాయిని నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తాను."

తీసుకెళ్లారు, సూటు వేసుకుని మరీ. టేబుల్ ముందు నిలబడి, జడ్జీలకు ఆ సంఖ్య గొప్పతనం అరగంట వివరించారు.

"అంకుల్, నేను చెప్తాను," అంది దేవకుమారి.

"నీకు సిగ్గు కదమ్మా. నువ్వు బటన్లు నొక్కు."

మొదటి బహుమతి వచ్చింది. మర్నాడు ఊరి పేపర్లో ఫొటో కూడా వేశారు. అందులో ఆయన నవ్వుతున్నారు, చార్ట్ చక్కగా కనిపిస్తోంది, దేవకుమారి మోచెయ్యి చాలా స్పష్టంగా పడింది.