మూడు నిండు గిన్నెల వ్యూహం

శనివారం మ్యాచ్ గెలిచి తీరాలి. డ్రా అయినా ప్రపంచ కప్పు ఆశ వదులుకోవలసిందే. అందుకే బుధవారం పొద్దున గడ్డం గీసుకుంటూ జాతీయ జట్టు సహాయ కోచ్ హమ్‌దమ్ ఒక నిశ్చయానికి వచ్చాడు. ఇవాళ ఎలాగైనా తుర్గున్ అకాను ఒప్పించాలి.

అందరూ అకా, అంటే అన్న, అని పిలిచే ప్రధాన కోచ్ తుర్గున్‌కు వెనక ఐదుగురు డిఫెండర్లుంటేనే నిద్ర పడుతుంది. హమ్‌దమ్ లెక్కలో ముగ్గురు చాలు, మిగతావాళ్ళు ముందుకు ఉరకాలి. ఈ మాటే నాలుగు నెలలుగా కంప్యూటర్ మీద చూపిస్తున్నాడు. అకా నాలుగు నెలలుగా కళ్ళజోడు మరిచిపోతున్నారు.

కాబట్టి కాలువ గట్టున చాయ్‌ఖానాలో, పెద్దాయన ఎప్పుడూ కూర్చునే అరుగు మీద, పది టీ గిన్నెలు ఆటగాళ్ళలా పేర్చాడు. కెటిల్ గోల్‌కీపర్. వెనక ముగ్గురు కదలకూడదు. గిన్నె నిండుగా ఉంటే కదిపినప్పుడు ఒలుకుతుంది, అకాకు విషయం ఇట్టే బోధపడుతుంది.

"ఈ మూడూ అంచుదాకా పోయండి, జులైఖో ఓపా. మిగతా ఏడింటిలో గుక్కెడు చాలు."

చాయ్‌ఖానా నడిపే జులైఖో అక్క ఆగిపోయింది. "ఆ మూడూ ఎవరి ముందు?"

"తుర్గున్ అకా ముందు."

"ఆలోచించే అంటున్నావా, తమ్ముడూ?"

"నాలుగు నెలలుగా ఆలోచిస్తున్నా. దేశానికి ఇదే మంచిది."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని పోసింది. అతిథికి గుక్కెడు పోస్తే ఇంకా కూర్చోమని, అంచుదాకా పోస్తే తాగి దయచేయమని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ పొద్దున హమ్‌దమ్ తలలో ఫుట్‌బాల్ తప్ప మరేదీ లేదు.

క్రీడాసంఘం ఉపాధ్యక్షుడు సయిద్‌మురాద్‌ను అకా వెంటబెట్టుకొచ్చారు. ఆ రోజు కళ్ళజోడు మరిచిపోలేదు. కూర్చుని, తన ముందున్న నిండు గిన్నెల్ని చాలాసేపు చూశారు.

"మూడా?"

"మూడే అకా. ఐదు దండగ."

"నాకు ఒకటి సరిపోయేది."

"ఒకటైతే మరీ ప్రమాదం, అకా."

పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తలవంచి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు.

సయిద్‌మురాద్‌కు ఒళ్ళు మండింది. సంఘం అధ్యక్షుడు తనకు చెప్పకుండా ఈ కుర్రాడి చేత పని కానిచ్చాడన్నమాట. తెలియనట్టు బయటపడటం ఇష్టం లేక ఆయనకే ఫోన్ చేశాడు. "తుర్గున్ విషయం చాలా మర్యాదగా ముగిసిందండీ."

అవతల అధ్యక్షుడికీ తెలియనట్టు కనపడటం ఇష్టం లేదు. "నేను అనుకున్నట్టే" అన్నాడు. మధ్యాహ్నానికల్లా రేడియోలో వార్త వచ్చేసింది: కొత్త కోచ్ హమ్‌దమ్.

గిన్నెలు తియ్యడానికొచ్చిన జులైఖో నిట్టూర్చింది. "మూడు పోసినా ఒక్క మాట అనలేదు. పెద్దమనిషి."

అప్పుడు హమ్‌దమ్‌కు గిన్నెలు గిన్నెల్లా కనిపించాయి.

పరుగున వెళ్ళేసరికి అకా పెరట్లో ద్రాక్షతీగ కత్తిరిస్తున్నారు.

"అకా, అవి డిఫెండర్లు."

"ఏవి?"

"గిన్నెలు."

కత్తెర ఆగింది. అకా తీగనే చూస్తూ, "నేను నమ్ముతాను. ఊరు నమ్మదు" అన్నారు. "మూడుసార్లు పొమ్మనిపించుకుని మళ్ళీ వచ్చి కూర్చుంటే రేపు ఏ ఇంట్లో నాకు గుక్కెడు పోస్తారు? వెళ్ళు. నీ ముగ్గురితోనే ఆడించు."

శనివారం జాబితా రాయడానికి కూర్చున్న హమ్‌దమ్ వెనక ముగ్గురి పేర్లు గట్టిగా రాశాడు. ప్రత్యర్థుల కుడివైపు ఆటగాడి పరుగు గుర్తొచ్చింది. నాలుగో పేరు చేర్చాడు. వాళ్ళకు ఎడమవైపు కూడా ఒకడున్నాడు. ఐదు.

ఎనభయ్యో నిమిషం, స్కోరు సున్నా సున్నా. బెంచీ వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"ఇద్దర్ని ముందుకు తొయ్యి, అబ్బాయ్. ముగ్గురు చాలు."

హమ్‌దమ్ వెనుదిరిగాడు. తుర్గున్ అకా రెయిలింగ్ మీదికి వంగి ఉన్నారు.

"ఇక్కడ నిలబడి చూస్తే ఐదుగురూ తక్కువగానే ఉన్నారు, అకా."

"పదకొండేళ్ళు అక్కడే నిలబడ్డాను, నాకు చెప్తావా? ఇక్కణ్ణించి చూస్తే ముగ్గురే ఎక్కువ. తొయ్యి."

హమ్‌దమ్ పళ్ళు బిగించి ఇద్దరికీ చెయ్యి ఊపాడు. ఎనభయ్యారో నిమిషంలో ఆ ఇద్దరిలోనే ఒకడు గోల్ కొట్టాడు.

పాత కోచ్ పిరికితనం మీద కొత్త కోచ్ ధైర్యం గెలిచిందని మర్నాడు పత్రికలన్నీ రాశాయి.