ఆర్మూర్ – కమ్మర్‌పల్లి ఆఖరి మ్యాచ్

ఆ రోజు పొద్దున భోజన్న అనుకున్నది చాలా సాదా సంగతి. మధ్యాహ్నం దాకా మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోయాలి. ఇంటికొచ్చి స్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కోవాలి. సాయంత్రం హైస్కూలు మైదానంలో తన నాటకం ఆడించాలి.

భోజన్న హమాలీ. నాటకాలు కూడా రాస్తాడు. ఇన్నేళ్లూ అవి హమాలీ సంఘం వార్షికోత్సవాల్లో, యార్డు షెడ్డు కిందనే ఆడాయి. కథ పాకాన పడ్డప్పుడు లారీ వచ్చిందంటే ప్రేక్షకులే కాదు, రాజు వేషం వేసినవాడు కూడా కిరీటం పక్కన పెట్టి బస్తాల దగ్గరికి పోయేవాడు. ఊరి నడుమ, స్టేజీ మీద, లైట్ల వెలుగులో ఆడటం ఇదే మొదలు.

అతన్ని రచయితను చేసింది ఫుట్‌బాల్. వయసులో ఉండగా ఆర్మూర్ హమాలీల జట్టులో ఆడేవాడు. ఆ జట్టుకు కమ్మర్‌పల్లి చేతిలో ఓడిపోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. భోజన్న ఒక్క గోల్ కూడా కొట్టలేదు గాని, గీత అవతల నిలబడి ఆర్మూర్ జనం విసిరే మాటలకు ఆట మధ్యలోనే కూలబడి నవ్వేవాడు. ఆటకంటే ఆ మాటలే బాగున్నాయని అప్పుడే తోచింది. కొత్త నాటకం ఆ ఓటముల గురించే. పేరు 'ఆర్మూర్ – కమ్మర్‌పల్లి ఆఖరి మ్యాచ్'.

"గెలిచినట్టు రాస్తే నీ సొమ్మేం పోతుండె?" అంది భార్య నర్సవ్వ, చాయ్ అందిస్తూ.

"గెలిచినోడు ఏం మాట్లాడ్తడే? ఓడినోని మాటలకే నవ్వొస్తది," అని సైకిలెక్కాడు.

చౌరస్తా దగ్గర అతని సైకిల్ దానంతటదే ఆగిపోయింది. ఇంత పెద్ద ఫ్లెక్సీ. "ఆర్మూర్ – కమ్మర్‌పల్లి ఆఖరి మ్యాచ్! నేడే! అందరూ రండి!" చుట్టూ ఊరి పెద్దమనుషుల ఫోటోలు. నాటకం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

ఫ్లెక్సీలు కొట్టే రాకేష్ దుకాణానికి ఉరికాడు. "నాటకం అన్న ముచ్చట ఏడవోయిందిరా?"

"జాగ సరిపోలేదన్నా. ఫోటోలు ఎక్కువైనయి. పెద్దమనుషుల తలకాయలు కోస్తే ఊకుంటరా చెప్పు?"

"మరి జనం నిజం మ్యాచ్ అనుకోరా?"

"ఫికర్ జెయ్యకు. మైకు ఆటో తిప్పుత. గంటల అందరికీ ఎరుకైతది."

అందరికీ ఎరుకైంది. ఆటో వీధివీధి తిరిగి రాకేష్ చెప్పిందే అరిచింది: "సాయంత్రం మ్యాచ్ నిజం కాదు! అంతా నాటకం! ఉత్త నాటకం!"

మధ్యాహ్నానికి ఊరంతా ఒకటే మాట. మ్యాచ్ అమ్ముడుపోయిందట. ఆ మాట కమ్మర్‌పల్లికి చేరేసరికి, అమ్ముడుపోయింది కమ్మర్‌పల్లి వాళ్లేనని మారింది.

సాయంత్రం తెల్లచొక్కాలో మైదానానికి వచ్చిన భోజన్నకు కళ్లు చెమర్చాయి. ఇసుక వేస్తే రాలనంత జనం. తన నాటకానికి ఇంతమందా అనుకున్నాడు. అంతలో ఒక డీసీఎం వ్యాన్ వచ్చి ఆగింది. అందులోంచి కమ్మర్‌పల్లి జట్టు బూట్లతో సహా దూకింది. కెప్టెన్ శ్రవణ్‌కుమార్ నేరుగా భోజన్న ముందుకొచ్చాడు.

"మ్యాచ్ నాటకమని మైకుల చెప్పించింది నువ్వేనా?"

"నేనే తమ్మీ. నాటకమే."

"సూసిండ్రా, ఒప్పుకుంటుండు! అంటే ఎవరు గెలిచేది ముందుగాలనే అనుకున్నవా?"

"అనుకునుడేంది, రాసి పెట్టిన. రిహార్సల్ గూడ అయింది."

మైదానం హోరెత్తింది. శ్రవణ్‌కుమార్ చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఎవరు గెలుస్తరు మరి?"

"మీరే."

శ్రవణ్‌కుమార్ చేతులు దించాడు. కమ్మర్‌పల్లి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ మనిషి మీద కోపం పెట్టుకోవడానికి వాళ్లకిక కారణం కనిపించలేదు. ఆ కోపం అప్పటికే ఆర్మూర్ జనానికి మారింది.

"సొంతూరోనివై మనల్నే ఓడగొడ్తవా?" అని ఒకాయన లేచాడు.

"ఉన్నది ఉన్నట్టు రాసిండు. ఎన్నడన్న గెలిచిండ్రా మీరు?" అంది జనంలో కూర్చున్న నర్సవ్వ.

ఆ మాటతో వ్యవహారం చేయి దాటిపోయింది. ఇప్పుడే, ఇక్కడే ఆడి తేల్చాలని జనం పట్టుబట్టారు. ఆర్మూర్ తరఫున జెర్సీలు వేసుకుని ఉన్నది భోజన్న నటులే. అందరూ హమాలీలే. గోల్‌కీపర్ వేషం గంగాకిషన్‌ది. బంతి ఎదురొస్తే పక్కకు జరిగే మనిషి.

"బాల్ ఏది?" అన్నాడు శ్రవణ్‌కుమార్.

"లేదు తమ్మీ. ఉన్నట్టు చెయ్యాలె," అన్నాడు భోజన్న.

కమ్మర్‌పల్లి వాళ్లు వ్యాన్‌లోంచి తమ బంతి తెచ్చుకున్నారు.

ఆట మొదలైంది. శ్రవణ్‌కుమార్ బంతితో దూసుకొస్తుంటే గంగాకిషన్‌కు భయంతో ఏమీ తోచలేదు. నాటకంలో కంఠతా పట్టిన డైలాగ్ ఒక్కటే బయటికొచ్చింది. "జర ఆగు తమ్మీ! ఇయ్యాల మీ దిక్కు పసుపు కొమ్ము రేటెట్లుందే?"

శ్రవణ్‌కుమార్ పసుపు రైతు కొడుకు. రేటు అడిగితే ఆగకుండా ఉండలేడు. "ఏడుందన్నా, నిన్నటికంటె పడ్డది," అన్నాడు. అతని కాళ్ల కిందినుంచి ఇంకో హమాలీ బంతి తీసుకుపోయాడు.

జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు విన్న హమాలీలకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికి ఏ డైలాగ్ గుర్తొస్తే అది విసరసాగారు. "అరేయ్, అది రెండో రంగంల డైలాగ్‌రా!" అని భోజన్న గీత పక్కన ఉరుకుతూనే ఉన్నాడు. చివరికి బంతి తన దగ్గరికే రావడంతో గంగాకిషన్ కళ్లు మూసుకుని తన్నాడు. అది దొర్లుకుంటూ దొర్లుకుంటూ మైదానమంతా దాటి అవతలి గోల్‌లోకి పోయింది. కమ్మర్‌పల్లి గోల్‌కీపర్ అప్పుడు నవ్వలేక కడుపు పట్టుకుని నేల మీద ఉన్నాడు.

ఆర్మూర్ గెలిచింది. జనం భోజన్నను భుజాలకెత్తుకున్నారు. ఏడుస్తూ రాసుకున్న ఓటమి రంగం ఆడకుండానే పోయిందన్న బాధ అతనికి పైన ఊగుతున్నంతసేపూ ఉంది. కాని కింద ఆ నవ్వులన్నీ తన మాటలకే కదా అనిపించి, దింపమని అనలేదు.

వారం తిరక్కుండానే దొంకేశ్వర్ అనే ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు యార్డుకు వచ్చారు. భోజన్న బస్తా దింపి, చేతులు తుడుచుకుని, "ఏ నాటకం ఆడమంటరు?" అన్నాడు ఆత్రంగా.

"నాటకాలొద్దన్నా. మా పోరగాండ్లకు కోచ్‌గా రావాలె."

భోజన్న ఒప్పుకున్నాడు. కాళ్లు ఎట్లున్నా సరే, ఆటగాళ్లకు గొంతు మాత్రం బాగుండాలని ఒక్క షరతు పెట్టాడు.