షుఐబా ఎండకు కాగిన వాచీ

కువైట్‌లో, సులైబియాలోని ఒక టైల్స్ గోడౌనులో స్టోర్‌కీపరుగా పనిచేస్తున్న పెంచల్‌కు ఈ ఏడాది ఒక అభిరుచి ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతకు ముందు ఆయనకు అభిరుచులేవీ లేవు. రైల్వేకోడూరు నుంచి వచ్చి తొమ్మిదేళ్లు టైల్సు పెట్టెలు మోసినంత కాలం ఆ లోటు ఎవరికీ కనిపించలేదు. స్టోర్‌కీపరు కాగానే గాజు గది, ఏసీ, తిరిగే కుర్చీ ఇచ్చారు. తిరిగే కుర్చీలో కూర్చున్న మనిషికి ఏదో ఒక అభిరుచి లేకపోతే చూసేవాళ్లకు బాగుండదు. క్రికెట్ ఆడదామంటే మోకాళ్లు ఒప్పుకోలేదు. పాటలు పాడదామంటే పక్క గదివాళ్లు ఒప్పుకోలేదు.

అలాంటి సమయంలో ఆయన చూపు కంపెనీ మేనేజరు సిరాజ్ మణికట్టు మీద పడింది. అక్కడ ఒక పాత వాచీ ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు అది పది గంటలు చూపిస్తోంది. పెంచల్ వినయంగా, "సార్, మీ వాచీ నిలబడిపోయినాది," అన్నాడు.

సిరాజ్‌ది హైదరాబాదు. జాలిగా నవ్వాడు. "నిలబడలే భాయ్, రెస్టు తీసుకుంటుంది. డెబ్బై రెండు మోడలు. దీన్ని నడిపిస్తే వాల్యూ పోతది."

నడవకపోవడం వల్ల విలువ పెరిగే వస్తువు లోకంలో ఉంటుందని పెంచల్ అంతవరకు ఎరగడు. ఆ వారమే ఆయన కువైట్ తెలుగు ప్రాచీన చేతిగడియారాల పరిరక్షణ సమాఖ్యలో చేరాడు. సిరాజ్ దానికి వ్యవస్థాపక అధ్యక్షుడు. సభ్యులు పది మంది, పది మందీ పదవుల్లోనే ఉన్నారు. మామూలు సభ్యుడు లేక, ఎవరిని ఉద్దేశించి ప్రసంగించాలో తెలియక సమాఖ్య చాలాకాలంగా ఇబ్బంది పడుతోంది. పెంచల్ రాకతో ఆ కొరత తీరింది. ప్రతి శుక్రవారం ఫర్వానియాలో ఒక బిర్యానీ హోటలు మేడ మీద నాలుగు గంటలకు సమావేశం. ఒకరు మూడుకు వస్తారు, ఒకరు ఆరుకు వస్తారు. అందరి చేతులకూ వాచీలున్నాయి కాబట్టి ఎవరినీ తప్పు పట్టడానికి వీల్లేదు.

సమాఖ్య సిద్ధాంతాలు పెంచల్‌కు మొదట్లో ఒంటబట్టలేదు. శుక్రవారం సంతకు పోయి, డెబ్బై దినార్లు పెట్టి, అద్దంలా మెరిసే పాత వాచీ ఒకటి కొన్నాడు. నిమిషం తేడా లేకుండా నడుస్తోంది. దాన్ని సభ ముందు పెట్టగానే కోశాధికారి అబ్దుల్ ఖుద్దూస్ కళ్లు మూసుకున్నాడు. డయలుకు కొత్త రంగు వేశారు. గీతలు అరగదీశారు. లోపలి భాగాలు మార్చారు. బాగుచేసిన వాచీ అంటే సమాఖ్య లెక్కలో చచ్చిన వాచీ. అధ్యక్షుల ఆదేశంపై అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఎవరి వాచీ ప్రకారం రెండు నిమిషాలో తేలక ఆ మౌనం కొంత ఎక్కువసేపే సాగింది.

పెంచల్ భార్య వెంకటేశ్వరి అర్దియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది. ఆ ఇంటి యజమానురాలిని మామా అంటుంది. సంగతి ఫోనులో విని ఉలిక్కిపడింది.

"డెబ్బై దినార్లా! పోనీ, టైం సరిగ్గా చూపిస్తాదా?"

"అదే తప్పయిపోయినాదే. చూపించకూడదంట."

"మా మామా ఇంట్లో గోడ గడియారం చెడిపోయినాది. పారెయ్యమని నా చేతికిచ్చినాది. కావల్నా?"

పెంచల్ ఆమె అజ్ఞానాన్ని క్షమించాడు. అది ఎన్నో సంవత్సరంది అని మాత్రం అడిగాడు.

తర్వాత మూడు నెలలు ఆయన శ్రద్ధగా నేర్చుకున్నాడు. తుడవకూడదు. రుద్దకూడదు. కీ ఇవ్వాలనిపిస్తే చేతులు కట్టుకుని కూర్చోవాలి. అన్నిటికన్నా గొప్పది ఎండకు కాగిన డయలు అని తెలుసుకున్నాడు. నల్లటి డయలు ఏళ్ల తరబడి ఎండకు మాడి, చింతపండు రంగుకు తిరిగితే ఆ వాచీ ధర పదింతలవుతుంది. అలాంటిది సమాఖ్యలో ఎవరి దగ్గరా లేదు. అధ్యక్షులకు కలలో మాత్రం వస్తూ ఉంటుంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం అది పెంచల్ గాజు గదిలోకి నడుచుకుంటూ వచ్చింది. లోడింగు కూలీ చిన్నపుల్లయ్య సరుకు దించిన కాగితం మీద సంతకానికి వచ్చి చేయి చాపాడు. అరవై రెండేళ్ల మనిషి. రాయచోటి దగ్గర పల్లె. షుఐబా రిఫైనరీలో ఇరవై ఆరేళ్లు కాంట్రాక్టు పనిలో గొట్టాలు మోసి, తర్వాత ఈ గోడౌనులో కుదిరాడు. ఆయన ఎడమ చేతికి వాచీ ఉంది. డయలు అచ్చంగా చింతపండు రంగు.

పెంచల్ కుర్చీ తిరగడం మానేసింది.

"పెదనాయనా, ఇది యాడిది?"

"షుఐబాలో చేరిన కొత్తలో ఇంజనీరు సారు దేశం పోతా పోతా ఇచ్చినాడు నాయనా. అప్పుడు నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు చూడు, రోజుకు అర్ధగంట ఎనక్కి పోతాది. దీంతో సచ్చేట్టుండా."

పెంచల్ కాగితం మీద సంతకం పెడుతూ, టైము సరిగ్గా చూపించే కొత్త వాచీ తెచ్చిస్తే దీన్ని ఇచ్చేస్తావా అని అడిగాడు. ఆ సాయంత్రమే ఐదు దినార్ల ప్లాస్టిక్ వాచీ చిన్నపుల్లయ్య చేతికెక్కింది. మీట నొక్కితే లైటు కూడా వెలుగుతుంది. ఎదుటివాణ్ణి మోసం చేశానేమోనని ఇద్దరూ కొంచెం సిగ్గుపడ్డారు.

వాచీ చూసిన సిరాజ్ తలుపు వేయించాడు. తొమ్మిది వందల దినార్లు ఇస్తానన్నాడు. పెంచల్ ఇవ్వనన్నాడు. అది అమ్ముకునే వస్తువు కాదని, అభిరుచి అని, మేనేజరు సభల్లో చెప్పే మాటలే మేనేజరుకు అప్పజెప్పాడు.

అదే వారంలో కంపెనీ ఒక ఉత్తర్వు విడుదల చేసింది. అరవై దాటిన సిబ్బంది సేవలను సంస్థ ఎన్నటికీ మరువదని, అందువల్ల వారి ఇఖామాలు, అంటే దేశంలో ఉండే అనుమతులు, ఇక పొడిగించబోమని అందులో ఉంది. ఏడుగురి పేర్లు. మొదటి పేరు చిన్నపుల్లయ్యది. కింద సంతకం సిరాజ్‌ది. సంతకం చాలా అందంగా ఉంది.

ఆ శుక్రవారమే సమాఖ్యలో వాచీకి సన్మానసభ జరిగింది. పాత వాచీకి వంశచరిత్ర ముఖ్యం కనక సాక్ష్యం చెప్పడానికి చిన్నపుల్లయ్యను కూడా రమ్మన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. వాచీని బల్ల మీద ఎర్ర మఖమలు గుడ్డపై పడుకోబెట్టారు. బల్ల వెనక కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. అధ్యక్షులు అటు తిరిగి చేతులు జోడించి ఇలా ప్రసంగించారు:

"సోదరులారా! ఇరవై ఆరు సంవత్సరాలు షుఐబా ఎండలో! ఊహించండి! ఒంటి మీద ప్రతి గీతా ఒక చరిత్ర. లోపల ఒక్క భాగమైనా మార్చలేదు. కాస్త నెమ్మదిగా నడిస్తే ఏమిటి, ఆ నడకకే మనం నమస్కరించాలి! వయసు పెరిగేకొద్దీ విలువ పెరిగే రత్నం మన ముందుంది. ఇలాంటి రత్నాన్ని చేజార్చుకునేవాడిని ఏమనాలి? మూర్ఖుడనాలి! ఈ రత్నాన్ని కువైట్ దాటి పోనివ్వకూడదు. ప్రాణం ఉండగా పోనివ్వం!"

చప్పట్లు మిన్నంటాయి. చిన్నపుల్లయ్య మెల్లగా లేచాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"సార్, అంత మాట అన్యారు, సాలు. మొన్న నాకు ఖలాస్ అని రాసింది మీరేనంటే కడుపు మండి తిట్టుకున్యా. మీకింత మనసు ఉందని తెలీదు. ఇంకొక్క యేడాది ఉంటే మనవరాలి నర్సింగు సదువు అయిపోతాది. ఇఖామా ఎప్పుడు కడతారు సార్?"

ఈసారి మౌనాన్ని ఎవరూ ఆదేశించలేదు. దానంతట అదే వచ్చింది. వక్త ఉద్దేశానికీ శ్రోత సంతోషానికీ మధ్య స్వల్ప తేడా చోటుచేసుకున్నట్టు కార్యదర్శి పుస్తకంలో రాసుకున్నాడు. అబ్దుల్ ఖుద్దూస్ బిర్యానీ వచ్చిందేమో చూడటానికి మెట్లు దిగాడు. పెంచల్ మాత్రం చిన్నపుల్లయ్య జోడించిన చేతుల వంక, మణికట్టు మీది ప్లాస్టిక్ వాచీ వంక చూస్తూ ఉండిపోయాడు. ఐదు దినార్ల బేరం ఇంత ఖరీదు పలుకుతుందని ఆయన అనుకోలేదు. లేచి వెళ్లి మఖమలు మీది వాచీని గుప్పిట్లోకి తీసుకున్నాడు.

"సార్, నాకు తొమ్మిది వందలొద్దు. పెదనాయనకు ఒక్క యేడాది ఇఖామా కట్టండి. ఇది ఊరికే తీసుకోండి."

"రూల్స్ ఒప్పుకోవు భాయ్," అన్నాడు సిరాజ్. అంటూ గుప్పిటి వంకే చూశాడు.

ఆదివారం ఆఫీసు తెరవగానే రూల్స్ మళ్లీ చదివారు. అరుదైన నైపుణ్యం గలవారికి మినహాయింపు ఇవ్వవచ్చునని మూడో పేజీలో కనిపించింది. పెట్టె కింద పెట్టేటప్పుడు టైలు పగలకుండా పెట్టడం అత్యంత అరుదైన నైపుణ్యమని మేనేజరు ధ్రువీకరించారు. చిన్నపుల్లయ్యకు ఏడాది దొరికింది. వాచీ సిరాజ్ చేతికెక్కింది. పెంచల్ సమాఖ్యకు రాజీనామా చేసి, డెబ్బై దినార్ల చచ్చిన వాచీ పెట్టుకుని, వేళకు భోజనం చేయడం మొదలుపెట్టాడు.

మంచి వార్తకు కాళ్లుంటాయని వేరే చెప్పక్కర్లేదు. జాబితాలో మిగిలిన ఆరుగురికీ అది చేరింది. తర్వాతి శుక్రవారం సంతలో ముసలివాళ్లు కొందరు చెడిపోయిన వాచీలు, మాడిపోయిన వాచీలు, ఎవరూ ముట్టని వాచీలు ఎక్కడ దొరుకుతాయని వాకబు చేశారు. మధ్యాహ్నానికల్లా వాటి ధరలు పెరిగాయి. ఆదివారం పొద్దున మేనేజరు గది ముందు వరస కట్టారు. సిరాజ్ కంటికి భూతద్దం బిగించి ఒక్కొక్కటే న్యాయంగా పరీక్షించాడు. ఒకదాని డయలును పెనం మీద కాల్చారు. ఒకదానికి టీ డికాషను పట్టించారు. ఒకటి బొమ్మ వాచీ. ఐదుగురూ నకిలీల కింద తేలారు.

ఆరోవాడు రామసుబ్బయ్య. షుఐబాలో చిన్నపుల్లయ్య ఏ గొట్టానికి ఒక కొన మోశాడో, ఆ గొట్టానికే రెండో కొన మోసినవాడు. ఆయన వట్టి చేతులతో వచ్చాడు. చొక్కా చేయి మోచేతి పైకి మడిచి, చేతిని బల్ల మీద ఉంచాడు.

"నా కాడ వాచీ లేదు సార్. ఈ సెయ్యి ఉండాది. అదే ఎండ, అన్నే ఏండ్లు. సూడండి."

అలవాటు కొద్దీ సిరాజ్ భూతద్దం సర్దుకున్నాడు. చేతిని వెలుతురుకు తిప్పాడు. రంగు చూశాడు. గీతలు చూశాడు. రెండు వేళ్లు నలిగి అతుక్కున్న చోటు చాలాసేపు చూశాడు. ఎంతైనా నిపుణుడు, అబద్ధం చెప్పలేకపోయాడు.

"ఒరిజినలే," అన్నాడు. "రంగు గూడ ఎండకొచ్చిన రంగే. ఒక్క పార్టు మార్చలే. కమాల్ పీసు."

రామసుబ్బయ్య ముఖం వెలిగింది.

"కానీ గిసొంటివి బయట శానా దొరుకుతయి భాయ్," అని సిరాజ్ భూతద్దం తీసి పక్కన పెట్టి, ఆయన ఖలాస్ కాగితం మీద అందంగా సంతకం చేశాడు.